దారపు డబ్బా సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: అల్లిక ఆపిన తక్షణమే దారమును, సూదిని డబ్బాలో ఉంచి మూత బిగించవలెను, ఇంట పిల్లి కలదు.

టీక: అల్లిక = క్రోషా; ఇది ఉపలక్షణం కనుక కుట్టు, ఎంబ్రాయిడరీ, పూలు కట్టడం కూడా గ్రహించాలి. ఆపిన = ముగించిన అని అర్థం కాదు; పాలు పొంగాయని లేచి పరుగెత్తినా ఆపినట్టే. తక్షణమే = ఆ క్షణంలోనే; ‘కాఫీ తాగి వచ్చి’ అనే పాఠాంతరం చాలా ఇళ్లలో వాడుకలో ఉన్నా అది ప్రక్షిప్తం. దారము = నూలు, ఉన్ని, నైలాను, జరీపోగు, దండలోంచి ఊడిన పోగు సైతం. మూత = పంజాకు ఊడి రానిది; బుట్టమీద కప్పిన తుండుగుడ్డ మూత అనిపించుకోదు. కలదు = సోఫా కింద నిద్రపోతున్నా కలదు. ఇక బిగించవలసిన కర్త ఎవరు? మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టిన కావ్య వ్యాఖ్యాత కొలిచెలమ మల్లినాథసూరి మన మెదకు సీమవాడే కనుక ఆ బాటలోనే చెబుతున్నాం: కర్త అల్లేవారే. పిల్లిని బుద్ధిగా ఉండమనే విధి ఈ వాక్యంలో ఎక్కడా లేదు.

తాత్పర్యం: ఎందుకు లేదంటే, దారం నోట పడ్డాక బుద్ధితో పనిలేదు. పిల్లి నాలుకమీద గొంతువైపు వంగిన సన్నని ముళ్లుంటాయి. మన గోళ్లలో ఉండే కెరటినే వాటిలోనూ ఉంటుంది. బొచ్చు దువ్వుకోవడానికి ఎంత అనువో, పోగు ఉమ్మేయడానికి అంత అననుకూలం. పట్టిన పోగు లోపలికే జారుతుంది. ఒక కొస నాలుక కిందో, జీర్ణాశయం చివరో చిక్కుకుంటే అసలు కష్టం మొదలవుతుంది. రెండో కొసను ముందుకు తోయాలని పేగు కదులుతుంది, దారం రాదు. బొందుమీద లంగా కుచ్చిళ్లలా పేగే దారంమీదికి ముడుచుకుంటుంది. బిగిసిన దారం పేగు గోడను కోస్తే లోపలిది కడుపులోకి కారి ప్రాణంమీదికి వస్తుంది. ఎక్స్‌రేలో నూలుపోగు విడిగా కనబడకపోవచ్చు, అందుకే వాంతులతో వచ్చిన పిల్లికి వైద్యుడు ముందు నాలుక ఎత్తి చూస్తాడు. ఆపరేషన్‌లో పేగును ఒకచోట కాక రెండు మూడు చోట్ల తెరవాల్సి రావచ్చు. సూది కూడా వెళ్లి ఉంటే చెప్పేదేముంది!

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. క్యాలెండర్ బొమ్మల్లో పిల్లి ఉన్ని ఉండతోనే కదా ఉంటుంది, అది దాని సహజ వినోదం కాదా అంటాడు. నిజమే. సన్నగా, మెలికలు తిరుగుతూ కదిలేదాన్ని చూస్తే వేట బుద్ధి లేస్తుంది. కొస మన చేతిలో ఉన్నంతసేపే అది ఆట. మనం లేచి వెళ్లాక అది తిండి. కాబట్టి సూత్రం ఆటను నిషేధించలేదు, ఆట తర్వాతి బద్ధకాన్ని నిషేధించింది. రెండో ఆక్షేపణ ఇంతకంటే బలమైనది: నరసాపురం వైపు తరతరాలుగా ఇంటింటా లేసు అల్లుతున్నారు, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, పిల్లులూ అక్కడ తక్కువేం కాదు, మరి ఈ గోల ఎప్పుడైనా విన్నామా? వినలేదంటే జరగలేదని కాదు. ఆనాటి పిల్లి ఎలుకకూ పాలకూ వచ్చిపోయేది. నాలుగు రోజులు కనబడకపోతే ‘ఎటో పోయింది’ అనేవారు. దాని కడుపు కోసి చూసినవాళ్లెవరు? ఇవాళ మంచంమీదే పడుకునే పిల్లి వాంతి చేసుకుంటే కనబడుతుంది, కనుక కారణమూ బయటపడుతోంది. ఇంత భయమైతే అల్లికే మానేస్తే పోలేదా అనే మూడోవాడికి ఒకటే జవాబు: మూలంలో ‘ఆపిన’ అని ఉంది, ‘మానిన’ అని లేదు. మూతబిగువు డబ్బా ఒకటి కొంటే స్వెటరూ దక్కుతుంది, పిల్లీ దక్కుతుంది.

పరిశిష్టం: నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ పోగు వేలాడుతూ కనిపిస్తే దయచేసి లాగకండి. లాగితే లోపల పేగు తెగవచ్చు. ఉన్నదున్నట్టుగా, ఆ పూటే, పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.