షోరీల్ పూర్తి కాకుండా సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం ఎలా?

తన పని చూపించే చిన్న వీడియో, అంటే షోరీల్, చేద్దామనుకునే అండమాన్ వీడియోగ్రాఫర్‌కి ఒకప్పుడు మంచి సాకు ఉండేది. దీవులకు ఇంటర్నెట్ ఉపగ్రహం మీదుగా నత్తనడకన వచ్చేది కాబట్టి, సాఫ్ట్‌వేర్ దిగలేదంటే నమ్మేవాళ్ళు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమై ఆ సాకును కాస్తా మింగేసింది. ఇక హేవ్‌లాక్‌లోనైనా, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోనైనా పని వాయిదా వెయ్యడానికి కొత్త కారణం వెతుక్కోవాలి. అందుకు సాఫ్ట్‌వేర్ ఎంపికను మించిన మార్గం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే గనక, ఆ మార్గమేదో తెలుగులోనే చెబుతున్నాం.

మొదటి నియమం: మీరు తీసిన క్లిప్పుల జోలికి పోకండి. చూశారో, ఎంపిక అక్కడికక్కడే తేలిపోతుంది. ఉదాహరణకు స్కూబా వీడియోలు. నీటిలో ఎరుపు మొదటి కొన్ని మీటర్లలోనే ఇంకిపోతుంది. పది మీటర్ల లోతున లైటు లేకుండా తీస్తే పగడపు దిబ్బంతా నీలిపచ్చ ముద్దలా కనిపిస్తుంది. అంటే మీకు ముందు కావలసింది రంగులు దిద్దే సాధనం. ఆ పనికి పేరుపడ్డ డావిన్చి రిజాల్వ్ ఉచితంగానూ దొరుకుతుందని, మోషన్ గ్రాఫిక్స్ చేసే ఫ్యూజన్ 2018 నుంచి అందులోనే ఉందని తెలిసిపోతే మీ వాయిదా మధ్యాహ్నానికల్లా ముగుస్తుంది. అందుకని పోలిక వీడియోలే చూస్తూ ఉండండి. 2013లో చందా పద్ధతికి మారిన అడోబీ గురించి దీర్ఘంగా ఆలోచించండి: వానాకాలంలో టూరిస్టులు తగ్గుతారు, చందా తగ్గదు. ఫైనల్ కట్ మీద మనసు పడితే ఇంకా మంచిది. ముందు మ్యాక్ కొనాలి, ఆ డబ్బు పోగయ్యేదాకా నిశ్చింత.

ఉచితంగానో చవకగానో వచ్చేదానితో పెద్ద పని సాగుతుందా అని అడగడం మానకండి. జవాబు మాత్రం వినకండి. ఎడిటర్ వాల్టర్ మర్చ్ ‘కోల్డ్ మౌంటెన్’ను, అప్పట్లో హాలీవుడ్ చిన్నచూపు చూసిన చవక ఫైనల్ కట్ మీద కూర్చి 2003లో విడుదలైన ఆ సినిమాకే ఎడిటింగ్ ఆస్కార్ నామినేషన్ పొందాడు. ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌తో చేసిన లాత్వియా యానిమేషన్ చిత్రం ‘ఫ్లో’ 2025లో ఏకంగా ఆస్కారే గెలిచింది. వాళ్ళు ఘనులు, మనమెక్కడ అంటారా? ఘనత మనిషిదైతే సాఫ్ట్‌వేర్ గొడవ అక్కడితో తీరిపోయినట్టే.

ఇంకో అభ్యంతరంలో బలముంది: హైదరాబాద్ స్టూడియోలో చేరాలంటే అడోబీ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ రావాలి కదా? చాలాచోట్ల రావాలి, ఎందుకంటే ఒకరి ప్రాజెక్టు ఫైలును మరొకరు తెరిచి పని చెయ్యాలి. కోరుకున్నది ఆ ఉద్యోగమే అయితే ఎంపిక వాళ్ళే చేసిపెట్టారు, నేర్చుకోవడమే మిగిలింది. అయితే షోరీల్ చూసేవారికి చేరేది ప్రాజెక్టు ఫైలు కాదు, పూర్తయిన వీడియో. కట్ ఎక్కడ పడింది, అక్షరం ఎలా కదిలింది అన్నవి అందులో కనబడతాయి. ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారన్నది కనబడదు.

కాబట్టి జాగ్రత్త. చేతికందిన దానితో మంచి షాట్లు ఏరి నిమిషన్నర రీలు చేసి పంపితే, ఎవరైనా పని ఇచ్చే ప్రమాదముంది. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్లు పోల్చుకునే తీరిక దొరకదు.