పసుపు గుర్తు

నేను అరచేతిలో పట్టేంత పచ్చ బోర్డు ముక్కని. ఒక చివర రెండు టెలిఫోన్ కన్నాలు, ఒంటి మీద నాలుగైదు చిప్పులు. నన్ను మోడెం అంటారు. 2003లో విశాఖలో బిగించిన ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ పొట్టలో కూర్చుని, నర్సీపట్నం మీదుగా కృష్ణదేవిపేట చేరాను. కొన్నాయన రిటైరైన సోషల్ మాస్టారు.

ఆ రోజుల్లో నా దర్జా చూడాలి. మాస్టారు డయల్ నొక్కగానే నేను కీచుమని, గరగరమని ఇల్లంతా వినపడేలా అరిచేవాణ్ణి. అది అవతలి మోడెంతో నా పలకరింపు. సెకనుకి 56 కిలోబిట్లని అట్టపెట్టె మీద రాసుంది గానీ, మా ఫోను తీగ మీద అందులో సగం దక్కితే పండగే. ఒక్క ఎంబీ దిగడానికి అయిదు నిమిషాలు. అంతసేపూ ఇంటికి ఫోన్ చేసేవాళ్లకి ఎంగేజ్ మోతే. కొండల మీద ఉరుము వినపడితే చాలు, మాస్టారు పరిగెత్తుకొచ్చి నా తీగ పీకేసేవారు. పిడుగు ఫోను తీగ వెంట వచ్చి నాలాంటి వాళ్లని మాడ్చేస్తుంది మరి. వాళ్లమ్మాయి పదో తరగతి మార్కులు ఆ ఇంటికి మోసుకొచ్చింది నేనే.

నాలో ఒక లోపం ఉంది, చెప్పేస్తాను. నాది సొంత బుర్ర కాదు. చవకలో రావడానికి నన్ను 'సాఫ్ట్ మోడెం'గా చేశారు. నేను చెయ్యాల్సిన లెక్కలు ప్రాసెసర్ చేత చేయించేది డ్రైవర్. ఆ డ్రైవర్ ఉన్న సీడీ పోయిందంటే నేను ఉత్త రేకుముక్కని.

పోనే పోయింది. 2005లో దేశంలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. కొన్నాళ్లకి మా ఇంటికీ ఒక తెల్ల పెట్టె వచ్చి, నా తీగ దాని కన్నంలోకి మారింది. 2008లో వైరస్ పట్టిందని ఒక కుర్ర మెకానిక్ కంప్యూటర్‌ని ఫార్మాట్ చేసి ఎక్స్‌పీ మళ్లీ ఎక్కించాడు. మర్నాడు మాస్టారు స్విచ్ వెయ్యగానే తెర మీద ప్రకటన: కొత్త హార్డ్‌వేర్ దొరికింది! అయిదేళ్లుగా అదే ఇంట్లో ఉన్న నేను ఆ పూట కొత్తవాణ్ణయ్యాను. డివైస్ మేనేజర్ తెరిస్తే 'ఇతర పరికరాలు' అన్న వరసలో నా పేరు 'పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్', పక్కన పసుపు గుర్తు. కోడ్ 28. అంటే డ్రైవర్ లేదని. మాస్టారికి మాత్రం అది పచ్చకామెర్లలా కనిపించింది.

"ఏటో తెలీదండి మాస్టారూ, పీకేద్దాం" అని కుర్రాడు అన్‌ఇన్‌స్టాల్ నొక్కాడు. రీస్టార్ట్ కాగానే మళ్లీ హాజరయ్యాను. నేను మొండివాణ్ణని కాదు. స్లాట్‌లో ఉన్నవాళ్లందరినీ కంప్యూటర్ లేవగానే పిలుస్తుంది, పిలిస్తే పలుకుతాను. మూడు రోజులు అదే తంతు. నాలుగో రోజు అతను ఏదో సైటులోంచి డ్రైవర్ పేరుతో ఒకటి దించాడు. నాకు ఒరిగిందేమీ లేదు. మాస్టారి తెర మీద మాత్రం ప్రకటనలు గుంపులుగా వాలాయి.

సంక్రాంతి సెలవులకి ఇంజినీరింగ్ చదివే అమ్మాయి వచ్చింది.

"నాన్నా, అది ఎవరో అది చెప్తూనే ఉంది. మీరే చదవలేదు."

నా మీద డబుల్ క్లిక్ కొట్టి, డీటెయిల్స్ తెరిచింది. అక్కడ అంకెల దండ. "వెన్ అన్న మాట తర్వాత నాలుగు అక్షరాలు కంపెనీవి. డెవ్ తర్వాత నాలుగు, మోడల్‌వి. ఇంటెల్‌దైతే 8086 ఉంటుంది. ఇక్కడ 14ఎఫ్1 ఉంది, అంటే కోనెక్సెంట్ చిప్పు. మన పాత మోడెం నాన్నా ఇది! యూఎస్‌బీలో పెట్టేవాటికైతే విడ్, పిడ్ అని ఉంటాయి."

మాస్టారు నవ్వారు. ఆయన పాఠం ఆయనకే గుర్తొచ్చింది. 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం ఈ ఊరి పోలీసు స్టేషన్ మీద పడింది. అంతకు ముందురోజు చింతపల్లి, మర్నాడు రాజవొమ్మంగి. పట్టుకెళ్లిన ఆయుధాల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. సీతారామరాజు సమాధి ఈ ఊళ్లోనే ఉంది. "వచ్చినవాడు సంతకం పెట్టే పెట్టాడు. పుస్తకం తెరవనిది మనమేనన్నమాట" అన్నారు మాస్టారు.

"డ్రైవర్ వెతకనా?"

"తీగే లేనిదానికి డ్రైవరెందుకమ్మా?"

"అయితే కార్డు ఊడదీసేస్తాను."

మాస్టారు ఒక్క క్షణం ఆగారు. "నీ మార్కులు చెప్పిందే అది. ఉండనీ."

ఆ పిల్ల అన్‌ఇన్‌స్టాల్ జోలికి పోలేదు. డిసేబుల్ నొక్కింది. అన్‌ఇన్‌స్టాల్ అంటే చిట్టాలో పేరు కొట్టేయడం. మనిషి గుమ్మంలోనే ఉంటాడు గనక మళ్లీ రాస్తారు. డిసేబుల్ అంటే పేరు ఉంచి, పని వద్దనడం. అప్పట్నుంచి తెర మీద ప్రకటన రాలేదు. నా పసుపు గుర్తు పోయి ఎర్ర ఇంటూ వచ్చింది. కోడ్ 28 కాస్తా 22 అయింది.

తెర మీద ఈనాటికీ నాది ఆ పరాయి పేరే. కానీ బీరువాలో, కరెంటు బిల్లులు దాచే పుస్తకం చివరి పేజీలో, అమ్మాయి చేతిరాతతో ఒక పంక్తి ఉంది: '14ఎఫ్1, పాత మోడెం, మనదే.'