నిర్భయంగా పత్రిక నడుపు విధానం

పర్చూరులో కూర్చుని పత్రిక పెట్టాలనుకునే కుర్రాళ్లు ముందు యజమానిని వెతకాలి, ధైర్యం సంగతి తర్వాత. ఆయనకు పత్రిక కాక ఇంకో వ్యాపారం ఉండితీరాలి. మద్యమైతే మరీ శ్రేష్ఠం. దాసరి నారాయణరావు 1984లో పెట్టిన ‘ఉదయం’ పత్రిక ఆ తర్వాత మద్యం వ్యాపారి మాగుంట సుబ్బరామిరెడ్డి చేతికి వచ్చింది. ఆయన 1991లో మన పక్కనే ఒంగోలు ఎంపీ కూడా అయ్యారు. ఆ మరుసటేడే దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరు రాష్ట్రమంతా పాకింది. ఆ పూట ఆ పత్రికలో సంపాదకీయం రాయవలసినవాడు మీరే అనుకుని ఒక పేరా రాసి చూడండి. చెయ్యి వణక్కపోతే ఉద్యోగం మీదే.

యజమాని పార్టీ మనిషైతే ఇంకా సుఖం. 2008లో సాక్షి వచ్చినప్పుడు దాన్ని పెట్టింది ముఖ్యమంత్రి కొడుకే. అవతలి పక్షాన ఈనాడు, ఆంధ్రజ్యోతి ఉండనే ఉన్నాయి. అబద్ధాలాడే శ్రమ ఎవరికీ అక్కర్లేదు, ఎదుటివాడి నిజాలు వేస్తే సరి. అందుకే మన టీకొట్టు దగ్గర పెద్దాయన రెండు పక్షాల పేపర్లూ చదివి, మూడోది మనసులో అచ్చేసుకుంటాడు.

ప్రభుత్వానికి భయపడకండి, జీవోలు చదవడం నేర్చుకోండి. తప్పుడు వార్తలంటూ అధికారులే పత్రికల మీద కేసులు పెట్టొచ్చని ఆ ముఖ్యమంత్రి హయాంలో జీవో 938 (2007), తర్వాత ముఖ్యమంత్రి అయిన కొడుకు హయాంలో 2430 (2019) వచ్చాయి. 2022 నాటిది మరీ సున్నితం: విస్తృత సర్క్యులేషన్ ఉన్న దినపత్రిక కొనుక్కోమని గ్రామ, వార్డు వాలంటీర్లకు నెలకు 200 రూపాయలు. పత్రిక పేరు రాయలేదు. ఇది సాక్షి కోసమేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కితే కేసు సుప్రీంకోర్టు మీదుగా ఢిల్లీ హైకోర్టుకు చేరింది. పేరెత్తకుండా పని జరిపించడం చూశారా, మీ సంపాదకీయాలకూ అదే శైలి.

నార్ల వెంకటేశ్వరరావు దారి మాత్రం పట్టకండి. యజమాని గోయెంకాతో పొసగక ఆంధ్రప్రభ వదిలేసి, 1960లో ఆంధ్రజ్యోతికి సంపాదకుడయ్యాడు. అలాంటి తిక్కకు ఇప్పుడు పీఎఫ్ కూడా రాదు.

ఇక అసలు విద్య మండల విలేకరిది. జీతం అంతంతమాత్రం, యాడ్ టార్గెట్ మాత్రం కొండంత. 2021లో నల్ల తామరపురుగు మిరపతోటల్ని ఊడ్చేసింది. అలాంటి ఏడాది రైతు వచ్చి, ‘బాబూ, ఫలానా కొట్టు మందు మూడుసార్లు కొట్టా, పురుగు చావలేదు, కాస్త పేపర్లో వెయ్యి’ అంటాడు. కొట్టు పేరు రాయకూడదు, ఉగాది శుభాకాంక్షల అరపేజీ యాడ్ ఆ డీలరుదే. ‘రైతులు అప్రమత్తంగా ఉండాలి: అధికారులు’ అని శీర్షిక పెట్టండి. తప్పు రైతుదైపోతుంది, వార్తా వేసినట్టే ఉంటుంది. డీలరు పేరు తప్పనిసరిగా రాయాల్సి వస్తే మాత్రం, యాడ్ బిల్లు వసూలయ్యాకే ఐటెం పంపండి.