దొంగ పేరు

జపాన్‌లో నన్ను త్సుబా అంటారు. కత్తి పిడికీ అలుగుకీ మధ్య అడ్డంగా నిలబడే ఇనప బిళ్లని. అడ్డం ఏడున్నర సెంటీమీటర్లు, మందం అయిదు మిల్లీమీటర్లు. చెయ్యి జారి అలుగు మీదికి పోకుండా కాయడం నా పని. ఒరలోంచి కత్తి దుయ్యాలంటే ముందు ఎడమ బొటనవేలితో నన్ను నెట్టాలి. ఆ వేలు ఆనిన చోట నా అంచు ఇప్పటికీ నున్నగా ఉంటుంది.

నన్ను కొలిమిలో కాల్చి, దాగలి మీద పెట్టి సాగగొట్టినవాడు సంతకం చెయ్యలేదు. అదేం లోటు కాదు, మా పాత ఇనప వాళ్లలో పేరు లేనివాళ్లు బోలెడు మంది. నా అంచు తడిమితే అక్కడక్కడా గట్టి బుడిపెలు తగులుతాయి. వాటిని అక్కడ ఇనుము ఎముకలంటారు. నా ముసలి ఒంట్లో నాకు గర్వంగా ఉండేది అవొక్కటే.

1876లో మెయిజీ ప్రభుత్వం, సైనికులూ పోలీసుల్లాంటి వాళ్లు తప్ప మరెవరూ కత్తి కట్టుకుని తిరగకూడదని శాసనం చేసింది. నేనూ అలుగూ విడిపోయాం. మా వాళ్లు ఓడలెక్కి ఐరోపాకీ అమెరికాకీ పోయారు. కొనేవాళ్లు పెరిగేసరికి కత్తి మొహమే ఎరగని త్సుబాలు కూడా పుట్టుకొచ్చాయి.

ఆ రోజుల్లోనే ఒక దుకాణం వెనక గదిలో నాకు నామకరణం జరిగింది. నొబుయియె అని జపాను లిపిలో రెండక్షరాలు. ఆయన పాతకాలపు ఇనప పనివాడు, మహా పేరున్నవాడు. అందుకే ఆయన చెయ్యని త్సుబాల మీద కూడా ఆయన పేరే కనిపిస్తుంది. నా మీద చెక్కినవాడి చెయ్యి మాత్రం వణకలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నన్ను తేలికైన కిరి కర్ర పెట్టెలో పెట్టి, మూత మీద కూడా ఆ పేరే సిరాతో రాశారు.

నూరేళ్లు దాటాక ఒక కుర్రవాడు నన్ను కొన్నాడు. నన్నూ ఇంకోదాన్నీ పట్టుకుని టోక్యోలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. రెండోది చూడముచ్చటగా ఉంది, నిండా పూల జాలీ. కుర్రవాడు జేబులోంచి అయస్కాంతం తీసి దానికి అంటించాడు. "చూశారా సెన్సే, ఇనుమే!"

పెద్దాయన నవ్వలేదు. పోత ఇనుము మాత్రం అంటుకోదా? జాలీ రంధ్రాల లోపలి గోడల్ని భూతద్దంలో చూపించారు. పనివాడు ఆకురాయితో రుద్దిన గీతలుండాల్సిన చోట, అచ్చు రెండు ముక్కలూ కలిసిన సన్నటి గట్టు ఉంది. పువ్వుల అంచులు నాకిన బెల్లంముక్కలా మొండిగా ఉన్నాయి. కత్తి మొదలు దూరే నడిమి రంధ్రంలో ఒక్క రాపిడీ లేదు. ఏ కత్తికీ ఎక్కలేదన్నమాట.

తరవాత నా వంతు. ముందు అరచేతిలో పెట్టుకుని తూచారు. అంచు చుట్టూ బొటనవేలు తిప్పారు, బుడిపెల దగ్గర ఆగారు. "పాతదే. మంచి ఇనుము," అన్నారు. కుర్రవాడి మొహం వెలిగింది. ఆయన దీపం ఏటవాలుగా దించి నడిమి రంధ్రం దగ్గరికి వచ్చారు.

నా అసలు కథంతా అక్కడే ఉంది. నన్ను కొత్త కత్తికి ఎక్కించినప్పుడల్లా, రంధ్రం వదులుగా ఉంటే దాని పక్కన ఉలితో పొడిచి ఇనుమును లోపలికి జరిపేవాళ్లు, బిగువు కోసం రాగి ముక్కలు ఇరికించేవాళ్లు. పైగా నాకు అటూ ఇటూ సెప్పా అనే పల్చటి బిళ్లలు అదిమి కూర్చునేవి. ఏళ్ల తరబడి అవి రుద్దిన చోట కోడిగుడ్డు ఆకారంలో మచ్చ మిగిలింది. సంతకం ఉండాల్సిందీ ఆ మచ్చలోనే, బిళ్ల కింద.

"సంతకం ముందే ఉంటే, ఈ ఉలిపోటు దాన్ని నలిపేసి ఉండాలి," అన్నారు పెద్దాయన. "ఇక్కడ చూడండి, అక్షరం గీతే పోటు మచ్చ మీదుగా నడిచిపోయింది. బిళ్ల అరిగించిన చోట గీత అంచు మాత్రం అరగలేదు."

నలుపులోనూ తేడా ఉందట. నా ఒంటిది చేతులు తాకీ తాకీ లోపల్నుంచి ఊరిన నలుపు. గీతల్లోది మందు పూసి తెప్పించింది.

కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "చెరిపించేస్తే?" అన్నాడు.

"చెరిపిస్తే సంతకంతో పాటు ఆ ఉలిపోట్లూ, మచ్చా పోతాయి. నిజం చెప్పేవి అవేగా," అన్నారాయన. నన్ను నూలు గుడ్డతో నాలుగుసార్లు రుద్ది తిరిగిచ్చారు.

కుర్రవాడు నన్ను పెట్టెలో పడుకోబెట్టాడు. మూత మీది పేరు కాసేపు చూశాడు. ఆ పేరు లోపలి వైపుకి వచ్చేలా మూత తిరగేసి పెట్టి, తాడు కట్టాడు. చీకట్లో ఇప్పుడది సరిగ్గా నా మొహానికి ఎదురుగా ఉంది.