చెత్త అంకుల్

హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటుకెళ్లినా ఒకాయన ఉంటారు. ఉద్యోగం నుంచి ఎప్పుడో రిటైరయ్యారు, అసలు డ్యూటీ ఆ తర్వాతే మొదలైంది. లుంగీ, పైన చొక్కా, చేతిలో విరిగిన గొడుగు ఊచ. పిల్లలు ఆయన్ని చెత్త అంకుల్ అంటారు. పెద్దలూ అదే అంటారు, కాకపోతే కాస్త మెల్లిగా.

పొద్దున్నే మొదటి మజిలీ సెల్లార్‌లో డబ్బాల దగ్గర. ఆకుపచ్చది తడిచెత్తకి, నీలంది పొడిచెత్తకి. నీలం డబ్బాలో ఊచ గుచ్చి తాటిముంజ తొక్క ఒకటి పైకి లాగుతారు. అటూ ఇటూ తిప్పి చూసి, "మూడో అంతస్తు వాళ్లది. నిన్న వియ్యాలవారొచ్చారు" అని తేల్చేస్తారు.

ఇంకోసారి ఒకావిడని నిలదీశారు: "ఏవమ్మా, మునక్కాడ పిప్పి పొడిచెత్తలో వేశారేం?"

"ఎండిపోయింది కదా అంకుల్!"

"అలా అయితే స్నానం చేసొచ్చిన మీ ఆయన తడిచెత్తా?"

ఆవిడ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. డబ్బా మాత్రం మార్చింది.

తడిచెత్త గుట్టల కింద గాలాడక కుళ్లితే మీథేన్ పుడుతుందనీ, వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుందనీ ఆయనకి తెలుసు. కానీ ఆ ఊసెత్తరు. "మన కంపు జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పక్కనున్నవాళ్లెందుకు భరించాలమ్మా?" అంటారు, అంతే.

మొన్న అసోసియేషన్ మీటింగులో ఐదో అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాడు వాతావరణ మార్పుల మీద స్లైడ్లు వేశాడు. కరిగే మంచు, చిక్కిపోయిన ఎలుగుబంటి. అందరూ అయ్యో అన్నారు. హాల్లో ఏసీ 18 మీద ఉంది, అక్కడైతే మంచు కరిగే ప్రమాదమే లేదు. అంకుల్ లేచి రిమోటందుకుని 24 చేశారు. "ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు మిగుల్తుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈయే చెబుతోంది. ఇప్పుడు చెప్పు నాయనా, ఎలుగుబంటికేమైంది?"

తర్వాత మేడ మీద సోలార్ సంగతి తెచ్చారు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద, ఉమ్మడి అవసరాల కోసం పెట్టుకునే హౌసింగ్ సొసైటీలకి కిలోవాటుకు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. "మరి నా వడియాలెక్కడ ఎండబెట్టుకోను?" అంది రెండో అంతస్తు మామ్మగారు. గంటసేపు వాదించుకుని, సగం ఎండ లిఫ్టుకీ సగం ఎండ వడియాలకీ రాసిచ్చేస్తూ తీర్మానం చేశారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మనం మెట్లెక్కుతుండగానే లైటార్పేస్తారు. "ఊరందరికీ నీతులు, మా ఇంట్లో అరటితొక్క సోఫా మీదే" అని వాళ్లావిడే అంటారు. అయినా భూగోళం గురించి ఉపన్యాసాలిచ్చినవాళ్లకంటే, కామన్ బిల్లు గురించి సతాయించిన ఈయన వల్లే అపార్ట్‌మెంటు బాగుపడింది.

మీ దగ్గర ఇలాంటాయన ఉంటే విసుక్కోకండి. లేకపోతే ఆ పోస్టు ఖాళీగా ఉన్నట్టే. జీతం ఉండదు, తిట్లకి లోటుండదు. ఇవాళే వంటింట్లో రెండో డబ్బా పెట్టి జాయినైపోండి.