మేక ధరకు ఏనుగు

అమెరికాలో పాత కార్ల ప్రకటనలు తిరగేస్తే పోర్షే 944 తరచూ తగులుతుంది. 1982 నుంచి 1991 దాకా తయారైన ఈ స్పోర్ట్స్ కారు ఏ షెడ్డులోనో ఏళ్ల తరబడి దుమ్ము పట్టి, చివరికి మామూలు పాత కారు ధరకు దిగుతుంది. "చిన్నాచితకా పనులే, ఏసీకి గ్యాస్ కొట్టిస్తే చాలు" అంటాడు అమ్మేవాడు. అంతే అయితే తనే కొట్టించి, నాలుగు డబ్బులు ఎక్కువకు అమ్ముకునేవాడు కాదా? పైగా ఆ ఏసీ అడిగే ఆర్-12 గ్యాస్ తయారీని ఓజోన్ పొర కోసం అక్కడ 1996 నాటికే ఆపేశారు. కొనేవాడికి ఇవేవీ పట్టవు. పోర్షేను చవగ్గా కొట్టేశానన్న మురిపెం అలాంటిది.

ఏనుగును కొని అంకుశానికి బేరమాడొద్దంటారు. ఇక్కడ ఏనుగు మేక ధరకే వస్తుంది, అంకుశం మాత్రం ఏనుగు ధరే పలుకుతుంది. తగ్గింది కారు విలువ. విడిభాగాలకు, మెకానిక్ కూలికి ఆ సంగతి తెలియదు. టైమింగ్ బెల్టునే చూడండి. అది తెగిందా, తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్లు పైకొచ్చి గుద్దుతాయి, వాల్వులు వంగిపోతాయి. బండి తిరగలేదు కాబట్టి బెల్టు కొత్తదే అనుకోవడానికి లేదు, నిలబెట్టి ఉంచినా రబ్బరుకు వయసు మీదపడుతుంది. ఎలాగూ విప్పాం కదా అని రోలర్లు, ఆ బెల్టుతోనే తిరిగే వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు, బ్యాలెన్స్ షాఫ్టుల బెల్టు వరసగా పద్దులోకి ఎక్కుతాయి. (ఆ షాఫ్టుల పేటెంటు అప్పట్లో మిత్సుబిషిది. ఈ ఇంజన్ కోసం పోర్షే కూడా రాయల్టీ కట్టుకుంది.) ఇక క్లచ్ సంగతి. అది ఇంజన్ పక్కన, గేర్‌బాక్సేమో వెనక చక్రాల దగ్గర. క్లచ్ ప్లేటు మార్చాలంటే పొగగొట్టం విప్పి, గేర్‌బాక్సు దించి, రెంటినీ కలిపే పొడవాటి గొట్టాన్ని వెనక్కి లాగాలి.

"మా పని మేమే చేసుకుంటాం, కూలి మిగులుతుంది" అంటారు. ఆఫీసులో గంటకింతని లెక్క కట్టే మనిషి, సొంత ఆదివారాలను మాత్రం సున్నా రేటుకు రాసేస్తాడు. బెల్టు బిగువు కొలిచే పరికరాన్నీ, కారును పైకెత్తే స్టాండ్లనూ "ఎప్పటికైనా పనికొస్తాయి" ఖాతాలో వేస్తాడు.

రేటు పెరుగుతుందన్నది రెండో వాదన. గాలితో చల్లబడే పాత పోర్షే 911ల ధరలు బాగా పెరిగిన మాట నిజమే, ఆ ఆశే దీనికీ అంటుకుంది. కానీ ఎక్కువ ధర పెట్టేవాడు మొదటి సర్వీసు నుంచి రసీదులున్న, తక్కువ తిరిగిన కారును వెతుక్కుంటాడు. గాలికొదిలేసిన కారుకు లేనిదే ఆ చరిత్ర. ఎంత పాలిష్ పెట్టినా అది రాదు.

ఇక మిగిలింది సరదా. దానికి ఎదురు చెప్పలేం. ఒంటినిండా గ్రీజుతో కారు కింద పడుకోవడంలో సుఖం ఉంటే అనుభవించమనండి, డబ్బు ఆయనది, నడుమూ ఆయనదే. అభ్యంతరమల్లా ఆ సరదా ఖర్చును ఇంట్లో "పెట్టుబడి" అని చెప్పడం మీదే. అంత లాభసాటి పెట్టుబడైతే, విడిభాగాల బిల్లులు గ్యారేజీ డబ్బాల అడుగున ఎందుకు దాక్కుంటాయి?