వక్తృత్వ పోటీలో ఫస్టు ప్రైజు కొట్టడం ఎట్లా?

ఆగస్టు పదిహేను దగ్గరపడుతోంది. మేడ్చల్, శామీర్‌పేట బడుల్లో వక్తృత్వ, వ్యాసరచన పోటీల హడావుడి మొదలైంది. పేరైతే ఇచ్చేసి, ఏం మాట్లాడాలో తెలియక గైడ్లు తిరగేస్తున్న పిల్లలకూ, రాసిపెట్టే పని నెత్తిన పడ్డ అమ్మానాన్నలకూ ఈ సలహాలు.

ముందు అంశం సంగతి. ఎవ్వరూ కాదనలేనిదాన్నే ఎంచుకోవాలి. చెట్లు నరకొద్దు, నీళ్లు వృథా చెయ్యొద్దు, పెద్దల్ని గౌరవించాలి. వీటికి ఎదురు మాట్లాడేవాడు జిల్లా అంతా గాలించినా దొరకడు. ఒప్పించే పనే లేనప్పుడు ఓడిపోయే భయమూ లేదు. పర్యావరణం మీద మాట్లాడేవాళ్లు ధ్రువాల మంచు దగ్గర మొదలెట్టి అమెజాన్ అడవుల్లో తేలాలి. దారిలో జవహర్‌నగర్ తగలకుండా చూసుకోండి. హైదరాబాద్ చెత్తలో చాలాభాగం అక్కడి డంపింగ్ యార్డుకే చేరుతుందనీ, దాని నల్లనీళ్లు మల్కారం చెరువులోకి దిగాయనీ అన్నారో, ముఖ్య అతిథి కుర్చీలో ఇబ్బందిగా కదులుతారు. మంచు ఎంత కరిగినా ఆయన కదలరు.

వాదోపవాదం తప్పదంటే 'పల్లె గొప్పదా, పట్నం గొప్పదా' ఉండనే ఉంది. మీ తాతలు మాట్లాడిందే, ఇంట్లో ఎవరికో ఒకరికి నోటికొచ్చే ఉంటుంది. పల్లె పక్షం వాళ్లు పచ్చని పొలాలు, స్వచ్ఛమైన గాలి అనాలి. పట్నం పక్షం వాళ్లు ఆసుపత్రులు, కాలేజీలు, ఉద్యోగాలు అనాలి. చిక్కల్లా ఏమిటంటే, మన దగ్గర ఏది పల్లెటూరో ఏది పట్నమో కిటికీలోంచి చూసి చెప్పలేం. పొలంలో తెల్లరంగేసిన హద్దురాళ్లు, పైన వెంచరు బోర్డు, బోర్డు నీడన రెండు బర్రెలు, వెనకాల ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీల మోత. 2024లో నగరం చుట్టూ ఉన్న 51 గ్రామ పంచాయతీలను పక్క మునిసిపాలిటీల్లో కలిపారు. పల్లె పక్షాన పేరిచ్చిన పిల్లగాడు పోటీ నాటికి పట్నవాసి అయిపోవచ్చు. అమ్మిన ఎకరం పైసలు ఏమయ్యాయి, ఇంటిపన్ను ఎంత పెరుగుతుంది, మునిసిపాలిటీ అయితే ఉపాధి హామీ పని ఉండదంట కదా, ఇవన్నీ మీ ఇంట్లో అన్నం ముందు రోజూ నడిచే వాదనలే. వేదిక మీదికి మాత్రం తేకండి. నిజంగా వాదన మొదలైతే రెండో గంట కొట్టినా ఆగదు.

'విజ్ఞానశాస్త్రం వరమా, శాపమా' కూడా చెడ్డదేం కాదు. 1945 హిరోషిమాతో మొదలెట్టి ఎడిసన్ బల్బుతో ముగించండి. కరోనా టీకా కోవాగ్జిన్ పుట్టింది శామీర్‌పేట దగ్గరి తుర్కపల్లిలో, జీనోమ్ వ్యాలీలో. మీ వాడకట్టులో ఎవరో ఒకరు అటువైపు కంపెనీ బస్సెక్కి షిఫ్టుకు పోతూనే ఉంటారు. ఒళ్లంతా కప్పుకొని పని చెయ్యడం ఎట్లుంటుందో వాళ్లనడిగితే చెబుతారు. అడగకండి. అది గైడులో లేదు. న్యాయనిర్ణేత సారు చదివిందీ ఆ గైడే.

ఇక ఒప్పించే విద్య. సగం సమయం సంబోధనకే పోవాలి: వేదికనలంకరించిన పెద్దలు, ప్రధానోపాధ్యాయులు, ఉపాధ్యాయులు, తోటి విద్యార్థినీ విద్యార్థులు. ఒక్క కుర్చీని మరిచినా మార్కులు పోతాయి. తర్వాత ఓ సూక్తి. ఎవరిదో తెలియకపోతే అబ్దుల్ కలాం గారిదనెయ్యండి. లెక్కలు కావాలంటే 'ఒక సర్వే ప్రకారం' అంటే చాలు, ఏ సర్వే అని అడిగే దిక్కు లేదు. పస తగ్గిన చోట గొంతు పెంచి, చూపుడువేలు పైకెత్తండి. అంశం రోడ్డు భద్రతైనా సరే, 'అమ్మ' అన్న మాట ఒక్కసారైనా పడాలి.

మన మేడ్చల్ ఎమ్మెల్యే మల్లారెడ్డి గారి 'పూలమ్మిన, పాలమ్మిన' ప్రసంగాన్ని అనుకరించాలని కొందరికి ఉబలాటం. మంత్రిగా ఉండగా ఆయన అన్న ఆ మాటలు రీల్స్‌లో ఊరూరా మోగాయి. ఆయన రాజకీయం సంగతి అట్లుంచితే, అందులో సూక్తి లేదు, సర్వే లేదు, 'నేటి సమాజంలో' అసలే లేదు. పొట్టి మాటలు, ఒకే లయ, తాను చేశానన్న పని పేరు, అంతే. పొద్దున్నే నాన్నతో పాలక్యాన్లు మోసి బడికొచ్చే పిల్లవాడు అట్లా మాట్లాడితే సభ చెవులప్పగిస్తుంది. అందుకే వాడి చేత 'పాడి పరిశ్రమ దేశానికి వెన్నెముక' అని బట్టీ పట్టించడం మన బాధ్యత.

వ్యాసానికి ఇంత శ్రమ అక్కర్లేదు. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని స్కెచ్ పెన్నుతో రాసి, కింద గీత కొట్టండి. మధ్యలో ఏముందో చదివేటంత తీరిక దిద్దేవాళ్లకు ఉండదు.

చివరగా ఒక హెచ్చరిక. శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. లా చదివేవాళ్ల మూట్ కోర్టుల్లో ఒకే జట్టు రెండు పక్షాలకూ వాదన సిద్ధం చేసుకుంటుంది. జడ్జీలు మాట మధ్యలోనే ఆపి, ఆధారమేదని నిలదీస్తారు. ఆ గాలి మన బడుల దాకా రానివ్వకండి. మన పోటీల్లో ఎవరూ ప్రశ్న అడగరు. అడిగితే ఫస్టు ప్రైజు ఎవరికీ ఇవ్వలేం.